ఒకే రోడ్డు, ఏడాది పొడుగునా: బెంగళూరు నుంచి లేపాక్షి దాకా ఫోటోలు తీయడం ఎలా

బెంగళూరులో ఉద్యోగం చేసే మనవాళ్లు కెమెరా కొన్న నెలకే లడఖ్ టికెట్లు చూస్తారు. నేనూ చూశాను, వెళ్లొచ్చాను కూడా. తొమ్మిది రోజుల సెలవు, వాయిదాల మీద కొన్న లెన్సు, 2,000 పైచిలుకు ఫోటోలు. ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకుంటే అన్నీ ఎక్కడో చూసినవే. అదే సరస్సు, అదే మలుపు రోడ్డు. నా దగ్గరకొచ్చేసరికి నేల మాత్రం కాస్త ఒక పక్కకు ఒరిగింది. మరుసటి ఏడాది చేతిలో డబ్బాడక చుట్టుపక్కలే తిరిగాను. కేఆర్ మార్కెట్ దగ్గర బయల్దేరి హైదరాబాద్ హైవే మీద లేపాక్షి దాకా, సుమారు 120 కిలోమీటర్లు. ఇవాళ మా ఇంటి గోడ మీదున్న ఫోటోలన్నీ ఆ రోడ్డువే. లడఖ్‌వి హార్డ్‌డిస్కులో ఉన్నాయి.

అందుకే దేశాన్ని ఫోటోల్లో పట్టుకోవాలని ఉంటే ముందు ఒక రోడ్డు పట్టుకోమంటాను. ఈ రోడ్డే ఎందుకంటే, కొండ, గుడి, మనిషి మూడూ ఒకే రోజు దొరుకుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. చిక్కబళ్లాపుర దాటి బాగేపల్లి వైపు వెళ్లేకొద్దీ బోర్డులు కన్నడంలోనే ఉంటాయి, మాటలు మాత్రం తెలుగులోకి జారిపోతాయి. మీరు కన్నడంలో దారి అడిగితే "యాడికి పోవల్ల?" అని జవాబొస్తుంది. మనుషుల ఫోటోలు తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి.

ముందు క్యాలెండర్ రాసుకోండి

ఈ రోడ్డు నెలకో రంగు మారుస్తుంది. డిసెంబర్, జనవరిల్లో పొద్దున మంచు పడుతుంది. అదే రోజుల్లో రాగి కోతలు అయిపోయి, పల్లె రోడ్ల మీద కంకులు పరిచి బండ్ల కింద నలగనిస్తారు. పొట్టు లేచి ఎండలో బంగారు పొగలా కనిపిస్తుంది. బండి దూరంగా ఆపి, రోడ్డు పక్కనే నిలబడి తీయండి. ఏప్రిల్, మే నెలల్లో పచ్చదనం ఉండదు, గుట్టల ఎముకలు బయటపడతాయి. సాయంత్రం వాన ముందు కమ్ముకునే నల్ల మబ్బు కింద ఆ బండలు చూడాలి. జూన్ నుంచి మబ్బు పట్టిన రోజులెక్కువ. కొండల ఫోటోలకు చప్పగా ఉంటుంది గానీ ముఖాలకు అంత మెత్తని వెలుగు మళ్లీ దొరకదు.

సూర్యుడి లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. బెంగళూరులో మే చివర పొద్దున 5:50 ప్రాంతంలో తెల్లారుతుంది, జనవరిలో దాదాపు 6:45 అవుతుంది. తేడా గంటకు కాస్త తక్కువ. జనవరిలో మీరు ఇంకో ముప్పావుగంట పడుకోవచ్చన్నమాట.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఫోన్ చాలు. కెమెరా ఉంటే ఒక్క లెన్సు, 35 మిల్లీమీటర్లది గానీ 50ది గానీ. రెండు లెన్సులు తీసుకెళ్తే సగం రోజు మార్చుకోవడానికే సరిపోతుంది. పవర్ బ్యాంకు, రెండు మెమరీ కార్డులు, లెన్సు తుడిచే మెత్తని గుడ్డ, వానకు ఒక ప్లాస్టిక్ కవరు, పది రూపాయల నోట్లు కొన్ని. వీటన్నిటికన్నా ముఖ్యం మేజోళ్లు. గుడి బయట చెప్పులు విడిచాక, మార్చి మధ్యాహ్నం రాతినేల మీద ఉత్త కాళ్లతో ఫ్రేమ్ చూసుకోవడం ఎవరి తరమూ కాదు. నేను రెండుసార్లు గెంతుతూ తీశాను, రెండుసార్లూ కదిలిపోయాయి.

ట్రైపాడ్ ఇంట్లోనే పెట్టండి. పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి విడిగా అనుమతి కావాలి. మామూలు ఫోటోలకు ఇబ్బంది లేదు. 2018 జులైలో కేంద్రం అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్‌లోని సమాధి భాగం తప్ప మిగతా కేంద్ర రక్షిత కట్టడాల ఆవరణల్లో ఫోటోలు తీసుకోనిచ్చింది. పూజలు జరిగే గుడిలో గర్భగుడి వైపు మాత్రం కెమెరా ఎత్తకండి. డ్రోన్ ఉన్నవాళ్లు ఎగరేసే ముందు కేంద్రం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకోవాలి, ఎర్ర జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. ఈ దారిలో యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, దేవనహళ్లి విమానాశ్రయం ఉంది. ఆ గోడల పక్కన బండి ఆపి ఫోటోల సరదా పెట్టుకోకండి.

లాల్‌బాగ్ బండ మీద చెయ్యి తిప్పుకోండి

ప్రయాణానికి ముందు రెండు ఆదివారాలు లాల్‌బాగ్‌కు వెళ్లండి. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు 300 కోట్ల ఏళ్లంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. దాని మీద పొద్దున ఏడింటికొకసారి, మధ్యాహ్నం పన్నెండుకొకసారి ఒకే చోట నిలబడి ఒకే ఫోటో తీయండి. పన్నెండింటి ఫోటోలో అది సిమెంటు గచ్చులా ఉంటుంది. ఏడింటి ఫోటోలో ప్రతి గుంట, ప్రతి గీత కనిపిస్తాయి, ఎందుకంటే వెలుగు పక్కనుంచి వస్తోంది. రాయిని తీసేటప్పుడు వెలుగు పక్కనుంచి పడాలి. కొండకైనా, శిల్పానికైనా ఇదే లెక్క.

ఫోన్‌తో తీసేవాళ్లు ఇక్కడే ఒక అలవాటు చేసుకోండి. తెర మీద మీకు కావలసిన చోట వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంతుండాలనేది) అక్కడ ఆగిపోతాయి. తర్వాత వేలిని కిందికి జరిపి వెలుగు కొంచెం తగ్గించండి. ఫోన్లకు అన్నీ తెల్లగా చూపించాలనే ఆత్రం ఎక్కువ. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే నా లడఖ్ సరస్సులా నేల ఒరగదు.

మార్కెట్‌లో తెల్లవారుజామున

అయిదున్నరకల్లా కేఆర్ మార్కెట్‌లో ఉండండి. అందరూ చేసేది ముందు మీరూ చేసేయండి. పై అంతస్తు ఎక్కి, కింద పూలరాశుల మధ్య తిరిగే జనాన్ని పైనుంచి తీయండి. బాగుంటుంది, అందుకే అందరూ తీస్తారు. పది నిమిషాల్లో ముగించి కిందికి దిగండి.

కింద అసలు చిక్కు వెలుగుతో. నీలం టార్పాలిన్ల కింద నిలబడ్డవాళ్ల ముఖాలు నీలంగా, జబ్బుపడ్డట్టు వస్తాయి. టార్పాలిన్ల మధ్య సందు వెతకండి. ఆకాశం వెలుగు నేరుగా దిగే చోట, బంతిపూల రాశి ముందు ఎవరైనా కూర్చుని ఉంటే ఇక కదలకండి. ఆ పసుపు ముఖం మీదికి తిరిగి కొడుతుంది, ఏ స్టూడియో దీపమూ ఇవ్వని రంగు. కెమెరాలో ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుగులో తీయడానికి పెంచే అంకె, 1600 నుంచి 3200, షట్టర్ వేగం సెకనులో 1/125వ వంతుకు తగ్గకుండా పెట్టుకోండి. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయండి. అది వెలుగు కోసం రెండు మూడు సెకన్లు ఆగుతుంది, ఈలోపు పూలమ్మే ఆమె చెయ్యి ఆరు చేతులవుతుంది.

అడగడం ఎలా అని అందరూ అడుగుతారు. ముందు పూలు కొనండి. రెండు మూరల కనకాంబరం కొలుస్తుండగా మాట కలపండి. ఈ మార్కెట్‌లో కన్నడం, తమిళం, తెలుగు మూడూ నడుస్తాయి. "అక్కా, ఒందు ఫోటో తెగీలా?" (ఒక ఫోటో తీయనా?) అంటే సరిపోతుంది, ఆమె తెలుగామె అయితే మీ యాస పట్టేసి తనే తెలుగులోకి వచ్చేస్తుంది. వద్దంటే వద్దు. నవ్వి, పూలు తీసుకుని కదలండి. మొదట్లో ఒకసారి నేను అడక్కుండా దూరం నుంచి తీశాను. ఆమె చూసి, లేచి, అందరి ముందు "నీ ఇంట్లో ఆడవాళ్లను ఇట్లే తీస్తారా?" అంది. జవాబు లేదు. ఆమె ముందే చెరిపేశాను. పిల్లల ఫోటో అయితే పక్కనున్న పెద్దవాళ్లను అడగండి, డబ్బులు మాత్రం ఇవ్వకండి. ఇచ్చారంటే తర్వాత వచ్చే కెమెరా చూడగానే వాళ్లు చెయ్యి చాపుతారు.

జనంలో తీయడానికి జంకుగా ఉంటే బసవనగుడి కడలెకాయి పరిషె దాకా ఆగండి. కార్తీకమాసం చివరి సోమవారం, దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర వేరుశనగ తిరునాళ్లు. చింతామణి, కోలారు వైపు నుంచీ, మన సీమ నుంచీ కాయల మూటలతో వస్తారు. అక్కడ ఫోటో తీయించుకోవడం కూడా సరదాలో భాగమే.

నందికొండను కిందినుంచి కూడా చూడండి

నందికొండ (నంది హిల్స్) ఎత్తు 1,478 మీటర్లు. బెంగళూరు కన్నా అయిదొందల మీటర్లు పైచిలుకు ఎత్తన్నమాట. ముందురోజు రాత్రి వాన పడి, తెల్లారేసరికి ఆకాశం తేలిపోయిందంటే మబ్బు కొండ నడుము దగ్గరే ఆగిపోతుంది. పైనుంచి చూస్తే పాలసముద్రంలా ఉంటుంది. ఆ రోజు కెమెరా చేసే తప్పు ఒకటుంది. అంత తెలుపు చూసి భయపడి మొత్తం బూడిదరంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ప్లస్ వైపు 0.7 నుంచి 1 దాకా జరపండి. ఒక చెట్టో, ఒక మనిషో నల్లగా అడ్డం వచ్చేలా చూసుకుంటేనే ఆ మబ్బుకు లోతు వస్తుంది, లేదంటే తెల్లకాగితమే.

శని, ఆదివారాలు వెళ్లకండి. వెళ్లక తప్పదంటే గేటు వేళలు, బండ్ల నియమాలు ముందురోజు చూసుకోండి, మారుతుంటాయి. సూర్యోదయానికి అయిదొందల మంది సెల్ఫీ కర్రల మధ్య నిలబడటం కన్నా, నాకైతే కింద నంది ఊరి ద్రాక్షతోటల అంచున నిలబడి కొండనే తీయడం ఇష్టం. కొండమీద నుంచి తీస్తే ఫోటోలో కొండ ఉండదు కదా. ఈ ముక్క నాకు తట్టడానికి నాలుగు ప్రయాణాలు పట్టింది.

రాతిలోకి వెలుగు పంపడం

కొండ కింద భోగ నందీశ్వరాలయం 9వ శతాబ్దం నాటిది. తర్వాత చోళులూ, విజయనగర రాజులూ తలా కొంత కట్టారు. తూర్పు ముఖం గుడి. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపల ముందుభాగం మీద ఎండ పడుతుంది, జనం పలుచగా ఉంటారు. లోపల కల్యాణ మంటపం నల్లరాతి స్తంభాల్లో కెమెరా ఇందాకటికి ఉల్టా తప్పు చేస్తుంది. నలుపు చూసి వెలుగు పెంచేస్తుంది, రాయి సుద్దలా వస్తుంది. మైనస్ 0.7 పెట్టండి. శిల్పానికి ఎదురుగా నిలబడకండి. రెండడుగులు పక్కకు జరిగి, వెలుగొచ్చే వైపు మీ భుజం ఉండేలా చూసుకోండి. చిలకల ముక్కులు, తీగల మెలికలు అప్పుడు లేస్తాయి.

దేవనహళ్లి కోట కూడా దారిలోనే. 1501లో మట్టికోటగా మొదలైంది, టిప్పు పుట్టిన ఊరు. ఎక్కువసేపు పట్టదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గోడ మీద ఎర్రెండ పడుతుంటే పది నిమిషాలు ఆగండి, చాలు.

నాకొకటి, వాళ్లకొకటి

చిక్కబళ్లాపుర నుంచి కాస్త పక్కకు మళ్లితే శిడ్లఘట్ట. పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరున్న ఊరు. చుట్టుపక్కల ఇళ్లలో పురుగులు పెంచుతారు, చంద్రికల మీద, అంటే వెదురు తట్టల మీద, గూళ్లు కట్టిస్తారు, చిన్న షెడ్లలో వేడినీళ్ల తొట్ల ముందు దారం తీస్తారు. ఆవిరి, పక్కనుంచి కిటికీ వెలుగు, తెల్లని గూళ్లు. ఫోటోకు కావలసినవన్నీ ఒక్క గదిలో ఉంటాయి. లోపలికి వెళ్లగానే లెన్సుకు ఆవిరి పట్టేస్తుంది, అయిదు నిమిషాలు తియ్యకుండా ఊరికే మాట్లాడుతూ కూర్చోండి. లెన్సు తేటపడుతుంది, మనుషులూ తేలికపడతారు.

అక్కడొక ఇంట్లో గూళ్లు ఏరుతున్న అవ్వను తీశాను. ముడతలు పడ్డ చేతులు, వేళ్ల సందుల్లో తెల్లని గూళ్లు, వెనకంతా చీకటి. నాకు తెలిసి అప్పటికి నేను తీసిన మంచి ఫోటో అదే. పెద్ద సైజులో ప్రింటు వేయించి, రెండు నెలల తర్వాత పట్టుకెళ్లి ఇచ్చాను. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి తిప్పి చూసింది.

"మొగం యాడుందప్పా?" అంది. "ఈ చేతులు ఎవురివో ఎట్ల తెలస్తుంది?"

ఏం చెప్పాలి. కొంగు సర్దుకోనిచ్చి, గుమ్మం ముందు కూర్చోబెట్టి నిండుగా ఒక ఫోటో తీశాను. కోడలొచ్చి పక్కన నిలబడింది. బడి నుంచి మనవడు వచ్చేదాకా ఆగమన్నారు, ఆగాను. ఆ రోజు నుంచి ఎవర్ని తీసినా రెండు తీస్తాను. ఒకటి నాకు నచ్చినట్టు, ఒకటి వాళ్లకు నచ్చినట్టు. నిటారుగా, మనిషి మొత్తం, కెమెరా వైపు చూస్తూ. ఇది మొహమాటానికి చెప్పడం లేదు. వాళ్లకోసం తీసిన ఆ రెండో ఫోటోనే బాగుండటం చాలాసార్లు చూశాను. అవ్వ ఆ రోజు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న తీరులో ఉన్న దర్జాను, నేను వెతికి పట్టుకున్న చీకట్లో ఎక్కడా పట్టలేకపోయాను.

ఆ నిండు ఫోటోకు చోటు ఎంచుకోవడం తేలిక. ఎండలో నిలబెట్టకండి, కళ్లు చిట్లిస్తారు. పంచలోనో, గుమ్మానికి ఒక్క అడుగు లోపలో, ముఖం బయటి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఆకాశం వెలుగు ఎదురుగా వచ్చి పడుతుంది. ఫోన్‌లో బ్యూటీ మోడ్ తీసేయండి. అది మన మనుషుల రంగు తీసేసి సున్నం పూస్తుంది.

లేపాక్షిలో

బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాటి పక్కకు తిరిగితే లేపాక్షి. విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు విజయనగర కాలంలో, అచ్యుతదేవరాయల రోజుల్లో కట్టించిన వీరభద్రాలయం. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. జటాయువును రాముడు "లే పక్షీ" అన్నాడనే కథ ఇక్కడ ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. అడగండి, చెబుతున్నప్పుడు ఆ పిల్లాడి చేతుల్ని చూడండి.

పైకప్పు బొమ్మలతోనే మొదలుపెట్టండి. ఫ్లాష్ వేయకూడదు. పాత రంగులకు మంచిది కాదు, పైగా మెరుపు తప్ప ఏమీ రాదు. ట్రైపాడ్ లేదు కాబట్టి ఒక కిటుకు. నేల మీద రుమాలు పరిచి, ఫోన్‌ను తెర కిందికి, వెనక కెమెరా పైకి వచ్చేలా పెట్టండి. పది సెకన్ల టైమర్ నొక్కి పక్కకు తప్పుకోండి, లేకపోతే మీ తలకాయ కూడా విజయనగర చిత్రకళలో కలుస్తుంది. ఫోన్ కదలదు, కప్పుకు సమాంతరంగా ఉంటుంది, గీతలు వంకర పోవు. మూడు నాలుగుసార్లు జరుపుకుంటూ తీస్తే మధ్యకు వస్తుంది. ఇలాంటి పనికి మబ్బు పట్టిన మధ్యాహ్నమే మంచిది, ఎండ మరకలు ఉండవు. ఆ బొమ్మల్లోని చీరల అంచులు విడిగా, దగ్గరగా తీసుకోండి. లతామంటపం స్తంభాల మీది అల్లికలు కూడా. మా ఇంట్లో ఫోటోలంటే విసుక్కునే మా అత్తగారు ఆ అంచుల్ని మాత్రం పెద్దది చేసుకుని మరీ చూశారు.

వేలాడే స్తంభం దగ్గర జనం కింద నుంచి గుడ్డ లాగుతుంటారు. స్తంభాన్ని తీయడం దండగ, ఫోటోలో సందు కనిపించదు. గుడ్డ అవతలి నుంచి బయటకు రాగానే వాళ్ల ముఖాలు చూడండి, అదీ ఫోటో. ఏడుపడగల నాగలింగానికీ, ఊరి మొదట్లో ఉన్న నందికీ కొలత ఇవ్వాలి. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది ఎత్తు దాదాపు 4.5 మీటర్లు. పక్కన మనిషి లేకుండా తీస్తే బొమ్మల కొలువులో నందిలా వస్తుంది. ఎవరైనా దాని ముందు నడిచి వెళ్లేదాకా ఆగండి. పూర్తికాని కల్యాణ మంటపాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. కప్పు లేని స్తంభాలు కాబట్టి ఏటవాలు ఎండ ఒకదాని నీడను ఇంకోదాని మీద వేస్తుంది.

తిరుగు దారి వేరేది కావాలంటే హిందూపురం, గౌరీబిదనూరు మీదుగా రండి. మధ్యలో విదురాశ్వత్థం. గుడి ఆవరణలో వేల నాగప్రతిష్ఠలు, పసుపు, కుంకుమ. 1938 ఏప్రిల్ 25న ఇక్కడే జెండా సత్యాగ్రహం మీద పోలీసులు కాల్పులు జరిపారు, దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. స్మారకం చూసి, చదివి, ఆ తర్వాతే కెమెరా తీయండి.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేయండి. మర్నాడు చెత్త తీసేయండి. వందకు పది మిగిలితే మంచి రోజు కింద లెక్క. మిగిలినవాటికి ఊరు, తేదీ, ఉన్న మనిషి పేరు తెలుగులోనే రాసుకోండి. మూడేళ్ల తర్వాత ఏ గుట్ట ఎక్కడిదో మీకే గుర్తుండదు. రంగులు దిద్దేటప్పుడు ఆకాశాన్ని నీలం చేయాలనే కోరిక పుడుతుంది, ఓ పూట ఆగి మళ్లీ చూడండి.

నెలాఖరున, రెండో రకం ఫోటోలు, అంటే వాళ్లకోసం తీసినవి, మామూలు 4×6 సైజులో ప్రింట్లు వేయించండి. వెనక పేరు, ఊరు రాయడానికి బాల్‌పెన్ను వాడకండి, ఒత్తు ముందువైపు ముఖం మీద పడుతుంది. మార్కర్ పెన్ను మంచిది. అన్నీ ఒక కవర్లో వేసి బండి డిక్కీలోనే ఉంచండి. ఇంట్లో బీరువాలో పెడితే మరిచిపోతారు. అవ్వ కుటుంబం ఫోటో అలాగే మరిచిపోయి, నేను ఆ ఒక్క కవరు కోసం మళ్లీ శిడ్లఘట్ట వెళ్లాల్సొచ్చింది. మనవడికి అంతకు ముందురోజే గుండు కొట్టించారట. "ఇంగొకటి తీయి" అన్నారు.